తలనొప్పే కదా అంటారు!



ఈ ఏడాది మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు రచనలు ఇవ్వమని నోటీసు బోర్డులో పెట్టగానే చాలామంది పేర్లు రాశారు. చదువు విలువ మీద ఒకరు, బాబాసాహెబ్ మీద నలుగురు, అమ్మ మీద తొమ్మిది మంది. మా రూము వాళ్ళం తలనొప్పి మీద రాస్తామని పేరిచ్చాం. సంచిక కమిటీ వాళ్ళు నవ్వి, "మీ రూమే మాకో తలనొప్పి, మళ్ళీ దాని మీద వ్యాసమా?" అన్నారు. నవ్వినా ఫరవాలేదు. మేము రాస్తున్నది నెలసరితో పాటు వచ్చే తలనొప్పి గురించి. అది మాలో ఒకరి చదువును కొంచెంలో ఆపేసేది. ఈ బాధ ఉన్నవాళ్ళు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు, కానీ నోరు విప్పి చెప్పుకోరు. అందుకే రాస్తున్నాం.

మేమంటే ఆరుగురం. ఇద్దరం పీజీ, నలుగురు డిగ్రీ. ఆరుగురి ఇళ్ళల్లోనూ డిగ్రీ గడప తొక్కిన మొదటి మనుషులం మేమే. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఒంట్లో బాగాలేనప్పుడు అడగడానికి ఇంట్లో చదువుకున్న అక్కో వదినో లేదు. మందు బిళ్ళల అట్ట మీద ఏం రాసి ఉందో చదవాల్సింది మేమే. మా ఆరుగురిలో ముగ్గురికి ఈ తలనొప్పి ఉంది. ఎవరికి ఏముందో పేర్లు చెప్పం. ఈ వ్యాసం మా అందరిదీ.

పల్లెల్లో దీన్ని ఒంటి తలనొప్పి అంటారు, పార్శ్వపు నొప్పి అంటారు. ఆయుర్వేదంలో అర్ధావభేదకం అన్నారు, అంటే సగం తల చీలినట్టుండే నొప్పి. ఇంగ్లీషు వైద్యంలో మైగ్రేన్. ఆ మాట కూడా గ్రీకు భాషలో 'సగం పుర్రె' అనే మాట నుంచి పుట్టింది. ఎక్కడి మనుషులైనా ముందు గమనించింది ఒకటే, నొప్పి ఒక పక్కనే వస్తుందని. తెలుగువాళ్ళకు తలనొప్పి అంటే గుర్తొచ్చేది అమృతాంజనం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టారు. ఆయనే 1908లో ఆంధ్రపత్రిక స్థాపించారు. మన హాస్టల్లో ఏ ట్రంకు పెట్టె తెరిచినా ఆ పచ్చ మందు సీసా ఒకటి కనిపిస్తుంది. కానీ మా ముగ్గురికీ వచ్చింది ఆ సీసాతో పోయే నొప్పి కాదు.

ఒకే జబ్బు, మూడు ముఖాలు

మొదటి ఆమె సంగతి చెప్తాం. పోయినేడు ఒక రాత్రి స్టడీ అవర్‌లో చదువుతుంటే పుస్తకంలో ఒక మాట కనిపించకుండా పోయింది. కళ్ళు నలుపుకుంది. ఆ ఖాళీ అలాగే ఉంది. దాని అంచున రంపం పళ్ళలాగా వంకరటింకర వెలుగు మెరుస్తూ పెద్దదవుతూ పక్కకు జరిగింది. పావుగంటకు కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఆ తిమ్మిరి మోచేతి దాకా పాకి, తరువాత పెదవికి, సగం నాలుకకు వచ్చింది. నీళ్ళ బాటిల్ ఇవ్వమని అడగబోయి "తాళం ఇయ్యి, తాళం" అంది. మేము తాళం చెవి చేతిలో పెడితే విసిరికొట్టి ఏడ్చింది. తనకేం కావాలో తనకు తెలుసు, నోటికి మాత్రం వేరే మాట వస్తోంది. అరగంటలో మాట సర్దుకుంది. అప్పుడు మొదలైంది తలనొప్పి, ఎడమ కణత మీద సుత్తితో కొట్టినట్టు. రెండు రోజులు లేవలేదు. మరునాడే ఆమెకు నెలసరి వచ్చింది. ఆ సంగతి అప్పుడు ఎవరమూ లెక్కలోకి తీసుకోలేదు.

రెండో ఆమెకు మెరుపులు రావు, మాట తడబడదు. తలనొప్పి ముదిరిన తరువాత వెంట్రుకలు నొప్పి పెడతాయి. వినడానికి వింతగా ఉంటుంది కదా! దువ్వెన తగిలితే ముళ్ళు గుచ్చినట్టు, రబ్బరు బ్యాండు వేస్తే నెత్తి మీద బండ పెట్టినట్టు, చెవి కమ్మ కూడా బరువు. ఆ పక్కకు దిండు మీద తల ఆనించలేదు. జుట్టు విరబోసుకుని కాలేజీకి వెళితే ఒకరోజు "షోకులు ఎక్కువైనయ్" అన్న మాట కూడా పడింది. డాక్టర్ల భాషలో దీనికి అలొడీనియా అని పేరుంది. నొప్పి పుట్టించకూడని స్పర్శ కూడా నొప్పిగా తెలియడం. మైగ్రేన్ ఉన్నవాళ్ళలో ఇది చాలామందికి వస్తుందట.

మూడో ఆమెకు తలనొప్పి తక్కువ, తిరుగుడు ఎక్కువ. విక్టోరియా మెమోరియల్ స్టేషన్లో మెట్రో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్ చేరేలోపే ప్లాట్‌ఫారం, బోగీ, మనుషులు అన్నీ ఒరిగిపోతున్నట్టు ఉంటుంది. వాంతి వస్తుంది, ఒక్కోసారి విరేచనాలు. అంతకుముందు రోజు ఒకటే ఆవులింతలు, మెడ పట్టేయడం, తీపి మీద విపరీతమైన యావ. ఆమె జిలేబీ అడిగిందంటే రేపు పడక వేయాల్సిందే అని మేము నవ్వుకునేవాళ్ళం. ఇంకో సంగతి, ఎవరికీ రాని వాసన ఆమెకు వచ్చేది. "ఎక్కడో వైరు కాలుతుంది చూడండే" అని రూమంతా వెతికించేది. ఏ వైరూ కాలేది కాదు.

వాసన అంటే పాత అక్కల మాట ఒకటి గుర్తొచ్చింది. కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో ఇక్కడ చదివిన ఒక అక్క పూర్వ విద్యార్థినుల సమావేశానికి వచ్చినప్పుడు చెప్పింది. "ఎండాకాలం మామిడికాయల లారీలు వరసకట్టేవి. నెలకొకసారి ఆ వాసనకు నా తల పగిలిపోయేది. మార్కెట్టే దోషమనుకున్న. మిగతా ఇరవై అయిదు రోజులు అదే వాసన నాకు ఏమీ చేయలేదని అప్పుడు తట్టలేదు" అంది. 2021లో మార్కెట్ బాటసింగారానికి వెళ్ళిపోయింది. తలనొప్పులు మాత్రం హాస్టల్లోనే ఉన్నాయి.

అమావాస్య అన్నారు

మొదటి ఆమెకు మాట తడబడిన రాత్రి అమావాస్య. అదే పెద్ద చిక్కు తెచ్చింది. ఎవరో ఫిట్స్ అన్నారు, ఎవరో గాలి సోకిందన్నారు. ఒకరు ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీశారు. ఎవరు ఫోన్ చేశారో గానీ, పొద్దున మొదటి బస్సుకు నల్గొండ వైపు నుంచి వాళ్ళ నాన్న ఎల్బీనగర్‌లో దిగి, అక్కడి నుంచి నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో తాయెత్తు, భుజం మీద ఖాళీ సంచి. ఖాళీ సంచి ఎందుకు తెచ్చాడో చూడగానే మాకు అర్థమైంది.

"సాలు బిడ్డా ఈ సదువు. నీ పానం కంటె ఎక్కువనా? ఇంటికి పోదాం. పెండ్లయితే గిసుంటియన్ని సర్దుకుంటయ్" అన్నాడు. ఆయన కోపంగా అనలేదు, కళ్ళల్లో నీళ్ళతో అన్నాడు. వార్డెన్ మేడం ఆయన్ని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి టీ ఇప్పించి, "అయ్యా, సెమిస్టర్ అయ్యేదాక ఉండనియ్యండి. నాలుగు నెలలు. అప్పటికీ ఇట్లనే ఉంటే మీ ఇష్టం" అని ఒప్పించారు. ఖాళీ సంచి ఖాళీగానే వెనక్కి పోయింది. కానీ గడువు పడింది.

కాలేజీలో ఇంకో రకం బాధ. 75 శాతం హాజరు లేకపోతే స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోతాయి. నెలకు మూడు రోజులు తలనొప్పికి పోతే, జ్వరానికీ పండక్కీ ఇంక రోజులు మిగలవు. ఒక క్లాసులో మాలో ఒకరిని "నెలనెలా నీకే వస్తదా తలనొప్పి?" అని అడిగారు. క్లాసంతా నవ్వింది. నిజానికి ఆ ప్రశ్నకు జవాబు అవుననే. నెలనెలా వస్తుంది. వెటకారానికి అన్నా, జబ్బు గుట్టు అందులోనే ఉంది.

తేదీల నోట్‌బుక్

ఆ మాట రూములో చర్చకు వచ్చిన రాత్రే ఒక లాంగ్ నోట్‌బుక్‌లో గళ్ళు గీశాం. నెలసరి మొదలైన తేదీ, తలనొప్పి మొదలైన తేదీ, టైము, ముందు ఏమనిపించింది, ఏం తిన్నాం, ఎన్ని గంటలు నిద్రపోయాం, ఏ బిళ్ళ వేసుకున్నాం, ఎంతసేపటికి తగ్గింది. ముగ్గురికి మూడు పేజీలు. ఎవరు లేవలేని స్థితిలో ఉంటే వాళ్ళ గడి పక్క మంచం వాళ్ళు నింపాలని నియమం.

నాలుగు నెలలకు పేజీలు మాట్లాడడం మొదలుపెట్టాయి. మొదటి ఇద్దరికీ తలనొప్పి నెలసరికి రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు లోపలే వస్తోంది. ఒక్కసారి కూడా తప్పలేదు. మూడో ఆమెకు ఆ రోజుల్లోనే కాక మధ్యలో కూడా వచ్చింది. చూస్తే అవన్నీ శనివారాలు. ఆమె శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. పొద్దుటి నుంచి కడుపు కాలితే సాయంత్రానికి తల తిరిగేది.

అప్పుడే ఇళ్ళకు ఫోన్ చేసి అమ్మల్ని అడిగాం, నీకు తలనొప్పి ఎప్పుడొచ్చేదని. ఒక అమ్మ చాలాసేపు ఆలోచించి, "బయటున్నప్పుడే బిడ్డా. తలకు గుడ్డ గట్టిగ కట్టుకొని నాట్లకు పోయేదాన్ని. మేస్త్రికి ఏమని చెప్తం?" అంది. మైగ్రేన్ కుటుంబాల్లో నడుస్తుందని తరువాత డాక్టరమ్మ చెప్పినప్పుడు మాకు ఆ తలగుడ్డే గుర్తొచ్చింది.

ఇక అమావాస్య సంగతి. మేడం గారి ఆఫీసులో గోడకున్న తెలుగు క్యాలెండర్ తెచ్చి నోట్‌బుక్ పక్కన పెట్టాం. మొదటి ఆమెకు నెలసరి 33, 34 రోజులకు వస్తుంది. అమావాస్య నుంచి అమావాస్యకు 29, 30 రోజులు. అందువల్ల మొదటిసారి అమావాస్య నాడు వచ్చిన తలనొప్పి రెండోసారి చవితికి జరిగింది, మూడోసారి అష్టమికి, నాలుగోసారి ద్వాదశికి. అమావాస్యను వదిలేసి నెలసరి వెంటే నడిచింది.

సెమిస్టర్ చివర వాళ్ళ నాన్న మళ్ళీ వచ్చాడు. ఆయనకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. కూలి లెక్కలు క్యాలెండర్ మీదే గీతలు పెట్టుకుంటాడు. క్యాలెండర్, నోట్‌బుక్ ఆయన ముందు పెట్టాం. వేలు పెట్టి ఒక్కొక్క తేదీ చూశాడు. "ఇది పున్నం దగ్గర పడ్డది" అన్నాడు. మళ్ళీ వెనక్కి లెక్కపెట్టాడు. చివరికి, "గాలైతే దానికి మా పిల్ల లెక్కెట్ల తెలుస్తది? సరే, డాక్టర్ కాడికి పోదాం పాండ్రి" అన్నాడు. ఈసారి కూడా ఆయన భుజం మీద సంచి ఉంది. అందులో సద్దిరొట్టెలు, కారప్పొడి ఉన్నాయి.

డాక్టరమ్మ చెప్పిన సంగతులు

ఆధార్ కార్డులు చూపించి జీరో టికెట్లు తీసుకుని పొద్దున్నే పెద్ద సర్కారు దవాఖానకు వెళ్ళాం. నాన్న ఒక్కడికే టికెట్ డబ్బులయ్యాయి. ఓపీ చీటీకి, డాక్టరు గదికి కలిపి మూడున్నర గంటలు నిలబడ్డాం. లోపల ఉన్న డాక్టరమ్మ మాకంటే అయిదారేళ్ళు పెద్దదేమో. మొదట విసుగ్గానే ఉంది. నోట్‌బుక్ చూడగానే కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఇట్లాంటిది పేషెంట్లు తెస్తే నా పని సగం తగ్గుతది" అంది. నడిపించి చూసింది, కళ్ళల్లో లైటు వేసింది, చేతులు కాళ్ళ బలం చూసింది, బీపీ చూసింది. తరువాత ఓపిగ్గా చెప్పింది. మేము విన్నదీ, తరువాత లైబ్రరీలో చదివి సరిచూసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాం.

ఆడవాళ్ళ ఒంట్లో ఈస్ట్రోజన్ అనే హార్మోను నెలంతా ఒకేలా ఉండదు. నెలసరికి ముందు ఒక్కసారిగా పడిపోతుంది. మైగ్రేన్ స్వభావం ఉన్న మెదడుకు ఆ పడిపోవడం పడదు. ఆస్ట్రేలియాలో సోమర్‌విల్ అనే వైద్యుడు 1972లో దీన్ని రుజువు చేశాడు. నెలసరికి ముందు కొందరు స్త్రీలకు ఈస్ట్రోజన్ ఇంజెక్షన్ ఇస్తే నెలసరి మామూలుగానే వచ్చింది, తలనొప్పి మాత్రం వాయిదా పడింది. ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోను ఇస్తే నెలసరి వాయిదా పడింది, తలనొప్పి మాత్రం ఆగలేదు. అంటే నొప్పికి కారణం రక్తస్రావం కాదు, ఈస్ట్రోజన్ తగ్గడం. దీనికి తోడు నెలసరప్పుడు గర్భసంచి పొర నుంచి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలవుతాయి. కడుపునొప్పికి అవే కారణం, తలనొప్పినీ వాంతులనూ అవి పెంచుతాయి.

మెరుపులు, తిమ్మిరి, మాట తడబాటు కలిపి ఆరా అంటారు. మన 'ఆరా తీయడం' కాదు, ఇది ఇంగ్లీషు మాట. 1941లో లాష్లీ అనే అమెరికా శాస్త్రవేత్త తనకు వచ్చే మెరుపులను తానే కాగితం మీద గీసుకుని, మెదడులో ఏదో నిమిషానికి 3 మిల్లీమీటర్ల వేగంతో జరుగుతోందని లెక్కగట్టాడు. 1944లో లియావో అనే బ్రెజిల్ శాస్త్రవేత్త జంతువుల మెదడు మీద అలాంటి అలను చూపించాడు. ఆ అల చూపు భాగం మీదుగా పోతే మెరుపులు, స్పర్శ భాగానికి వస్తే తిమ్మిరి, మాట భాగానికి వస్తే తాళానికీ నీళ్ళ బాటిల్‌కూ తేడా పోతుంది. సాధారణంగా ఒక్కొక్క లక్షణం 5 నిమిషాల నుంచి గంట వరకు ఉండి పూర్తిగా తగ్గిపోతుంది. లాష్లీ కూడా చేసింది మేము చేసిన పనే, కాగితం మీద గుర్తు పెట్టుకోవడం. ఆ మాట అనుకుని రూములో చాలా సంబరపడ్డాం.

నెలసరితో వచ్చే మైగ్రేన్ ఎక్కువగా ఆరా లేకుండానే వస్తుందట. మొదటి ఆమెకు ఆరాతో రావడం కొంచెం అరుదు. 2018లో వెలువడిన అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణలో ఒక లెక్క ఉంది. నెలసరికి రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు వరకు, మూడు నెలసరుల్లో కనీసం రెండింటికి తలనొప్పి వస్తే నెలసరితో సంబంధం ఉన్నట్టు. ఆ రోజుల్లో మాత్రమే వస్తే ఒక రకం, మిగతా రోజుల్లోనూ వస్తే ఇంకో రకం. మా ముగ్గురు ఆ రెండు రకాల్లోకీ సరిపోయాం. పెద్దయిన తరువాత మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకు మైగ్రేన్ దాదాపు మూడు రెట్లు ఎక్కువని, చిన్నతనంలో ఆ తేడా ఉండదని కూడా చెప్పింది.

నాన్న చివరికి అడగాల్సింది అడిగాడు. "పెండ్లి చేస్తే తగ్గుతదంటరు గద మేడం?" డాక్టరమ్మ నవ్వలేదు. "పెండ్లయిన ఆడోళ్ళు కూడా నా దగ్గరికి రోజూ వస్తరు నాయనా. ఇది తలలో నరాలకు సంబంధించిన జబ్బు. చదువుతోని రాలే, పెండ్లితోని పోదు. మందులతోని అదుపుల ఉంటది" అంది. ఆయన తువ్వాలతో మొహం తుడుచుకుని సరేనన్నాడు.

గుర్తు పెట్టుకోవలసినవి

మందుల పేర్లు రాసి మిమ్మల్ని మందుల షాపుకు పంపడం మా ఉద్దేశం కాదు. ముగ్గురికీ ముగ్గురు రకాలుగా రాశారు. కానీ అందరికీ పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి.

నొప్పి బిళ్ళ డాక్టరు చెప్పినదే, చెప్పిన మోతాదులోనే, నొప్పి మొదలవగానే ఏదైనా తిని వేసుకోవాలి. ఓర్చుకుని ఓర్చుకుని రాత్రికి వేసుకుంటే సరిగా పనిచేయదు. తేదీలు సరిగ్గా తెలిసినవాళ్ళకు నెలసరికి రెండు రోజుల ముందు నుంచి కొన్ని రోజులు మాత్రమే వేసుకునే మందు కూడా రాస్తారు. తేదీల నోట్‌బుక్ లేకపోతే ఆ వైద్యం కుదరదు.

నొప్పి బిళ్ళలు అదే పనిగా వేసుకుంటే ఆ బిళ్ళలే తలనొప్పి తెస్తాయి. మామూలు నొప్పి బిళ్ళలు నెలలో 15 రోజులు, కొన్ని మందులు కలిపిన బిళ్ళలైతే 10 రోజులు, ఇలా మూడు నెలలు దాటితే ఆ ప్రమాదం ఉంది. వేసుకున్న ప్రతి బిళ్ళనూ రాసుకోండి.

పండగనో, పెళ్ళనో, పరీక్షలనో నెలసరి వాయిదా బిళ్ళలు ఒకరి దగ్గర ఒకరు తీసుకుని వేసుకోవడం హాస్టళ్ళలో మామూలు. దయచేసి మానండి. ముఖ్యంగా మెరుపులు, తిమ్మిరి వచ్చేవాళ్ళు హార్మోను బిళ్ళ ఏదైనా డాక్టరుకు ఆ సంగతి చెప్పకుండా వేసుకోకూడదు. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక బిళ్ళలు ఆరా ఉన్నవాళ్ళకు పక్షవాతం ప్రమాదాన్ని పెంచుతాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళకు అవి వద్దంటుంది. రేపు పెళ్ళయిన తరువాత కూడా ఈ మాట గుర్తుంచుకోండి.

ఆ అయిదు రోజులు టిఫిన్ మానకండి, ఒక్కపొద్దులు ఉండకండి, నీళ్ళు తాగండి, నైటవుట్లు వద్దు. దేవుడు ఒక శనివారానికి ఏమీ అనుకోడు. రక్తం తక్కువుందేమో పరీక్ష చేయించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే మన మెస్ వరసలో సగం మందికి పైగా అన్నమాట.

అన్ని తలనొప్పులూ మైగ్రేన్ కావు. పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చే భరించలేని నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, తలకు దెబ్బ తగిలిన తరువాత వచ్చే నొప్పి, చెయ్యి లేదా కాలు పడిపోవడం, స్పృహ తప్పడం, మొదటిసారిగా మాట పడిపోవడం, గంట దాటినా తగ్గని తిమ్మిరి, వీటిలో ఏది కనిపించినా నోట్‌బుక్ పక్కన పెట్టి 108కి ఫోన్ చేయాలి. దిష్టి తీస్తూ కూర్చోవద్దు. మా రూమామెకు ఆరా అని డాక్టరు తేల్చిన తరువాతే మేము ధైర్యంగా ఉన్నాం.

మా విన్నపం

2024 నవంబరు నుంచి కాలేజీ హాస్టళ్ళకు డైట్ చార్జీలు నెలకు 1,500 నుంచి 2,100 రూపాయలకు పెరిగాయి. సంతోషం. మేము అడిగేది డబ్బుతో పనిలేనిది. తలనొప్పితో పడుకున్న పిల్లకు మెస్ టైము దాటినా ఒక ప్లేటు మూత పెట్టి ఉంచాలి. మా వంట అక్క ఇప్పుడు ఆ పని చేస్తోంది, ఆమెకు మా అందరి దండాలు. మిణుకుమిణుకుమనే ట్యూబులైట్లు మార్చాలి. సిక్ రూముకు ఒక మందపాటి కర్టెన్ కావాలి. హాజరు విషయంలో కేరళ దారి చూపింది. కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం 2023 జనవరిలో విద్యార్థినులకు నెలసరి కారణంగా సెమిస్టర్‌కు 2 శాతం హాజరు సడలింపు ఇచ్చింది. ఆ వెంటనే అక్కడి ప్రభుత్వం రాష్ట్ర విశ్వవిద్యాలయాలన్నిటికీ అలాంటి సడలింపు ప్రకటించింది. 2 శాతం చూడడానికి చిన్న అంకె. 74 శాతం దగ్గర ఆగిపోయిన పిల్లను అడిగితే దాని విలువ చెప్తుంది. పూర్వ విద్యార్థినుల్లో టీచర్లు, లెక్చరర్లు, నర్సులు, ఆఫీసర్లు ఉన్నారు. మీ మాట చెల్లే చోట ఈ మాట ఒకసారి చెప్పండక్కా.

మన పాత పండ్ల మార్కెట్ స్థలంలోనే 2022 ఏప్రిల్‌లో పెద్ద ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. అక్కడ వారానికి ఒక్క పూటైనా తలనొప్పుల ఓపీ పెడితే కొత్తపేట, సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళ పిల్లలంతా నడిచి వెళ్ళి చూపించుకోవచ్చు.

మొదటి ఆమె సెమిస్టర్ అన్ని పేపర్లూ రాసింది. ఒక పరీక్ష సరిగ్గా నెలసరి ముందు రోజే పడింది. ముందే తెలుసు కాబట్టి మందు వేసుకుని, కడుపునిండా తిని, కిటికీకి దూరంగా సీటు అడిగి రాసింది. తలనొప్పి వచ్చింది, కానీ పేపరు అయిపోయిన తరువాత వచ్చింది. అన్నిట్లో పాసయింది. ఇప్పుడు వాళ్ళ నాన్న ఫోన్ చేసినప్పుడు అడిగేది ఒకటే: "బిడ్డా, తారీకు రాసుకున్నవా?"

చెల్లెళ్ళారా, స్టడీ హాల్ అలమారలో పై అరలో గళ్ళు గీసిన నోట్‌బుక్కులు అయిదు పెట్టాం. ఎవరైనా తీసుకోవచ్చు, పేరు రాయనక్కర్లేదు. మూడు నెలలు నింపండి. చూపించుకోవడానికి తోడు కావాలంటే మా రూము తలుపు తట్టండి, మాలో ఎవరో ఒకరం వస్తాం.